నెలసరి మొదలవ్వకముందే నెల తప్పడం ఎలా? కాన్పు తర్వాత సహజ కుటుంబ నియంత్రణ లెక్కలు

"పాపకి ఏడో నెల, నా పాలే తాగుతోంది, పీరియడ్స్ ఇంకా మొదలవ్వలేదు, అయినా టెస్ట్‌లో రెండు గీతలు వచ్చాయి, ఇదెలా సాధ్యం?" కొత్తగా తల్లులైన వాళ్ల మధ్య ఈ ప్రశ్న ఎన్నిసార్లు వినపడుతుందో చెప్పలేను. అడిగే వాళ్ల గొంతులో ఆశ్చర్యం కంటే కంగారు ఎక్కువుంటుంది. పక్కనే ఇంకొకరు "నేను రెండేళ్లు పాలిచ్చాను, నాకేం కాలేదు" అంటారు. మరొకరు "పాలిస్తే గర్భం రాదనేది ఒట్టి మాట" అని కొట్టిపారేస్తారు. నిజానికి ఈ ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది, అందుకే ఇది అంత తేలిగ్గా తేలదు.

మనం గర్భం రావడాన్ని నెల తప్పడం అంటాం కదా. అంటే నెలసరి రావాల్సిన రోజుకి రాకపోతే అప్పుడు అనుమానం మొదలవుతుంది. కానీ కాన్పయ్యాక నెలసరే ఇంకా మొదలవ్వనప్పుడు తప్పడానికి నెల ఏది? మందులూ, పరికరాలూ లేకుండా ఒంటి లక్షణాల్ని బట్టి నడిచే పద్ధతులన్నీ కాన్పు తర్వాత చిక్కుల్లో పడేది సరిగ్గా ఇక్కడే.

సహజ పద్ధతి అంటే ఏది, ఏది కాదు

సహజ కుటుంబ నియంత్రణ అంటే గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులేవో గుర్తుపట్టి, ఆ రోజుల్లో కలవకుండా ఉండటం. మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు, లోపల పెట్టేదేమీ లేదు. గుర్తుపట్టడానికి వాడే ఆనవాళ్లు మూడు నాలుగు రకాలు: కేలెండర్‌లో రోజుల లెక్క, పొద్దున్నే లేవగానే చూసుకునే ఒంటి టెంపరేచర్, యోనిలోంచి వచ్చే స్రావం ఎలా మారుతోందన్నది, ఈమధ్య కాలంలో అయితే యూరిన్‌లో హార్మోన్లు చూపించే స్ట్రిప్‌లు. వీటికి తోడు కాన్పు తర్వాత మాత్రమే పనిచేసే ఇంకో పద్ధతి ఉంది, అది పాలివ్వడం మీద ఆధారపడేది, ఇంగ్లిష్‌లో లాక్టేషనల్ అమెనోరియా మెథడ్, దాన్ని పొట్టిగా లామ్ అంటారు.

భర్త చివరి నిమిషంలో బయటికి తీసేయడాన్ని కూడా చాలామంది సహజ పద్ధతి అనే అంటారు. దానికీ మందులక్కర్లేదు కాబట్టి అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు గానీ, అందులో రోజులు గుర్తుపట్టడం అనేదే లేదు, అది పూర్తిగా వేరే లెక్క. జనం మామూలుగా పాటించే తీరులో ఏడాదికి ప్రతి వందమంది ఆడవాళ్లలో దాదాపు 20 మందికి గర్భం వచ్చేస్తుంది.

మామూలు నెలలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం

కాన్పు సంగతి కాసేపు పక్కన పెట్టి మామూలు నెల తీసుకుంటే, అండం విడుదలయ్యాక అది బతికుండేది 12 నుంచి 24 గంటలు, అంతే. కానీ వీర్యకణాలు ఆడవాళ్ల ఒంట్లో, అనువైన స్రావం ఉంటే 5 రోజుల దాకా బతుకుతాయి. కాబట్టి అండం విడుదలైన రోజు, దానికి ముందు 5 రోజులు, మొత్తం 6 రోజులు గర్భం వచ్చే రోజులన్నమాట. ఒకామెకి 14వ రోజున అండం విడుదలైంది అనుకుందాం, ఆమె 10వ రోజున కలిసినా గర్భం రావచ్చు, 16వ రోజున కలిస్తే మాత్రం దాదాపు రాదు.

ఇందులో అసలు ఇబ్బంది ఏంటంటే, గర్భం వచ్చే రోజుల్లో ఎక్కువ భాగం అండం విడుదలకి ముందే ఉన్నాయి. అంటే మనం కనిపెట్టాల్సింది జరిగిపోయినదాన్ని కాదు, ఇంకో 5 రోజుల్లో జరగబోయేదాన్ని. ప్రతినెలా క్రమంగా వచ్చే వాళ్లకి పోయిన నెలలు చూసి ఈ నెల అంచనా కట్టొచ్చు. బాలింతకి పోయిన నెలలు అంటూ ఏవీ లేవు, కాన్పుకి ముందు ఉన్న లెక్కలు ఇప్పుడు చెల్లవు.

అండం విడుదలై, అది ఫలించకపోతే, దాదాపు రెండు వారాల తర్వాత పీరియడ్ వస్తుంది. ఈ వరస గుర్తుంచుకోండి, అండం ముందు, పీరియడ్ తర్వాత. మొదట్లో చెప్పిన ఏడో నెల పాప తల్లి విషయంలో జరిగింది ఇదే. కాన్పు తర్వాత ఆమె ఒంట్లో విడుదలైన మొట్టమొదటి అండమే ఫలించింది, ఇక పీరియడ్ వచ్చే పనే లేకపోయింది. "పీరియడ్ వచ్చాక జాగ్రత్త పడదాంలే" అనుకునే వాళ్లకి తెలియాల్సింది ఇదొక్కటే, పీరియడ్ అనేది హెచ్చరిక కాదు, అప్పటికే అయిపోయిన దాని గురించి ఆలస్యంగా అందే కబురు.

పాలిస్తే అండం ఎందుకు ఆగుతుంది

బిడ్డ రొమ్ము పట్టి చీకిన ప్రతిసారీ ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకి చేరుతుంది. దాంతో రెండు పనులు జరుగుతాయి. ఒకటి ప్రోలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి పాలు తయారవుతాయి. రెండోది, అండాశయాల్ని నడిపించే సంకేతాలు మెదడులోని హైపోథలామస్ నుంచి ఒక లయలో వెళ్తుంటాయి, ఆ లయ చెదిరిపోతుంది. లయ చెదిరితే అండం విడుదలకి కావాల్సిన ఎల్‌హెచ్ అనే హార్మోన్ సరిగ్గా అందదు, అండం పక్వానికి రాదు, విడుదల కాదు.

అంటే ఇక్కడ పనిచేసేది పాలు కాదు, చీకడం. ఎన్నిసార్లు, ఎంతెంత వ్యవధిలో, రాత్రిపూట కూడానా అన్నవే ముఖ్యం. రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది అండాశయానికి పట్టదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని కలహారి ఎడారిలో వేటాడుతూ, దుంపలు ఏరుకుంటూ బతికిన కుంగ్ జనం. 1980లో వాళ్ల మీద వచ్చిన పరిశోధనలో తేలింది ఏంటంటే, తల్లులు పిల్లల్ని పగలంతా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటారు, గంటకి నాలుగుసార్ల దాకా కాసేపు కాసేపు పాలు పడతారు. ఏ మాత్రా లేకుండానే వాళ్ల కాన్పుల మధ్య ఎడం సగటున 44 నెలల దాకా ఉంది. "నేను రెండేళ్లు పాలిచ్చాను నాకేం కాలేదు" అనే ఆమె మాటలో నిజం ఎంతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాగే మూడు గంటలకోసారి పాలిచ్చి, రాత్రి ఏడెనిమిది గంటలు పాప నిద్రపోయే ఇంట్లో అదే ఫలితం ఎందుకు ఆశించలేమో కూడా అర్థమవుతుంది.

లామ్ పద్ధతి, దాని మూడు షరతులు

1988లో ఇటలీలోని బెల్లాజియో అనే ఊళ్లో నిపుణులు కూర్చుని అప్పటిదాకా ఉన్న పరిశోధనలన్నీ చూసి ఒక అభిప్రాయానికి వచ్చారు. మూడు షరతులు ఒకేసారి నిజమైతే పాలివ్వడం గర్భం నుంచి 98 శాతం రక్షణ ఇస్తుందని. 1995లో మళ్లీ చూసి అదే మాట మీద నిలబడ్డారు. ఆ మూడు ఇవి: బిడ్డకి 6 నెలలు నిండలేదు, పీరియడ్స్ మళ్లీ మొదలవ్వలేదు, బిడ్డ పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా తల్లిపాల మీదే ఉంది. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుతో లామ్ అయిపోయినట్టే. "రెండు ఉన్నాయి కదా, సగం రక్షణ ఉంటుందిలే" అనుకోవడానికి లేదు.

వినడానికి సులువుగానే ఉన్నా ప్రతి షరతులోనూ ఒక మెలిక ఉంది.

పీరియడ్ అంటే ఏది? కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తస్రావం అవుతూనే ఉంటుంది, ఒక్కోసారి ఆగి మళ్లీ కనిపిస్తుంది. పూర్తిగా పాలిస్తున్న తల్లికి మొదటి 56 రోజుల్లో, అంటే 8 వారాల్లోపు కనిపించే రక్తాన్ని లామ్ లెక్కలో పీరియడ్‌గా చూడరు. ఆ తర్వాత వరసగా రెండు రోజులు కనిపిస్తే మాత్రం పీరియడ్ మొదలైనట్టే.

పూర్తిగా పాలివ్వడం అంటే? పగలు రెండు ఫీడింగ్‌ల మధ్య 4 గంటలు, రాత్రి 6 గంటలు మించకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. ఎప్పుడైనా ఒక చెంచా విటమిన్ చుక్కలో, మందో వేస్తే దానివల్ల లామ్ పోదు. రోజూ ఒక పూట పోతపాలు పడితే మాత్రం పోయినట్టే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగో నెల బిడ్డ ఉదయం 6, 9, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6, రాత్రి 9, తర్వాత ఒంటిగంట, మళ్లీ తెల్లవారి 5కి పాలు తాగుతోంది. అన్నిటికంటే పెద్ద ఎడం 4 గంటలు, పీరియడ్ రాలేదు, కాబట్టి లామ్ నడుస్తోంది. ఐదో నెలలో బిడ్డ హాయిగా రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని తెల్లారి అయిదున్నరకి లేవడం మొదలుపెట్టింది. తల్లికి ఎంతో ఊరట, ఇల్లంతా సంబరం. కానీ ఎనిమిది గంటల ఎడం వచ్చేసింది, రాత్రి హద్దు దాటిపోయింది. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, పాలు బాగా ఉన్నాయి, బయటికి కనిపించే మార్పేమీ లేదు, అయినా లామ్ రక్షణ మీద ఇక నమ్మకం పెట్టుకోలేం. ఇంత మంచి వార్తే గర్భనిరోధం విషయంలో చెడ్డ వార్త అవుతుందని ఆ తల్లికి ఎవరూ చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

98 శాతం అంటే అసలు ఏంటి

ఈ శాతాల్ని చదివే పద్ధతి ఒకటుంది. లామ్ పాటించే ప్రతి వందమందిలో ఆరు నెలల్లో దాదాపు ఇద్దరికి గర్భం వస్తుంది, షరతులన్నీ అక్షరాలా పాటిస్తే ఒకరికంటే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని దేశాల్లో కలిపి చేయించి 1999లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, పూర్తిగా పాలిస్తూ పీరియడ్ రాని తల్లుల్లో ఆరు నెలలకి గర్భం వచ్చింది 0.9 నుంచి 1.2 శాతం మందికి. మాత్రలతోనైనా మామూలు వాడకంలో ఇంతకంటే మెరుగ్గా రావడం కష్టమే, కాబట్టి "ఒట్టి మాట" అని కొట్టిపారేసిన వాళ్లది ఇక్కడ పొరపాటు.

కానీ అదే అధ్యయనంలో, పీరియడ్ రాకుండానే కొంత పాలు కొంత బయటి ఆహారంతో పన్నెండో నెల దాకా వెళ్లిన వాళ్ల లెక్క 6.6 నుంచి 7.4 శాతానికి పెరిగింది. మొదటి ఆరు నెలల్లో వచ్చే తొలి పీరియడ్‌కి ముందు చాలాసార్లు అండం విడుదలే కాదు, ఒకవేళ విడుదలైనా గర్భం నిలిచేంత బలంగా ఉండదు. ఆరు నెలలు దాటేకొద్దీ తొలి పీరియడ్‌కి ముందే మంచి అండం విడుదలయ్యే అవకాశం పెరుగుతుంది. పైగా ఆరు నెలలు నిండేసరికి బిడ్డకి ఘనాహారం మొదలవుతుంది, చీకడం తగ్గుతుంది. ఆరు నెలల హద్దు పెట్టడం వెనకున్న కారణం ఇదే.

పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి ఉద్యోగానికి వెళ్లే తల్లుల సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లు "బిడ్డ తాగేది నా పాలే కదా, పోతపాలు చుక్క కూడా లేవు" అని నూటికి నూరుపాళ్లు నిజమే చెప్తారు. చిలీలో పనికి వెళ్లే తల్లుల మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఆరో నెలకి 5.2 శాతం మందికి గర్భం వచ్చింది. పంప్ పాలు తీస్తుంది గానీ బిడ్డ చీకినప్పుడు మెదడుకి అందే సంకేతాన్ని అంత బాగా ఇవ్వదని దీన్నిబట్టి అనుకుంటున్నారు. వందకి ఐదు అంటే చెత్త పద్ధతి అని కాదు, వందకి ఒకటీ రెండూ అనుకుని ఉన్న వాళ్లకి మాత్రం తెలియాల్సిన తేడా.

పోతపాలు తాగే పిల్లల తల్లులకి గడువు చాలా తక్కువ

ఏ కారణంచేతైనా పాలివ్వని తల్లికి ఈ ఆరు నెలల వెసులుబాటు లేదు. తొలి అండం విడుదల సగటు అధ్యయనాన్ని బట్టి 45 నుంచి 94 రోజుల మధ్య ఉన్నా, అన్నిటికంటే తొందరగా కనిపించింది 25వ రోజున. వీర్యకణాలు కొన్ని రోజులు బతికుంటాయని కూడా చూసుకుంటే దాదాపు 21వ రోజు నుంచే జాగ్రత్త అవసరమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆరు వారాల చెకప్‌కి వెళ్లినప్పుడు అడుగుదాంలే అనుకుంటే కొందరికి అప్పటికే ఆలస్యమైపోతుంది.

లామ్ అయిపోయాక వచ్చే చిక్కు రోజులు

నా ఉద్దేశంలో అసలు కష్టం మొదటి ఆరు నెలలు కాదు. లామ్ షరతులు తప్పిన రోజు నుంచి పీరియడ్స్ మళ్లీ ఒక క్రమంలో పడే దాకా ఉండే ఆ మధ్యకాలం. కొందరికి అది రెండు నెలలు, కొందరికి ఏడాది పైనే. మామూలు రోజుల్లో బాగా పనిచేసే ఆనవాళ్లు ఒక్కోటి ఇక్కడ ఒక్కోలా దెబ్బతింటాయి.

టెంపరేచర్ సంగతి చూస్తే, అండం విడుదలయ్యాక పొద్దున లేవగానే చూసే టెంపరేచర్ కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అంతకుముందు 6 రోజుల కంటే ఎక్కువగా వరసగా 3 రోజులు ఉంటే అండం వచ్చి వెళ్లినట్టు. దీనికి కొన్ని గంటలు ఆపకుండా నిద్రపోయి, మంచం దిగకుండా చూసుకోవాలి. రాత్రి మూడుసార్లు లేచే తల్లికి అది అయ్యే పనేనా? ఒకవేళ నిద్ర కుదిరినా ఇంకో పెద్ద లోటుంది. టెంపరేచర్ అండం విడుదలయ్యాకే మారుతుంది. తొలి అండం కోసం నాలుగు నెలలు ఎదురుచూసే తల్లికి ఆ నాలుగు నెలలూ థర్మామీటర్ ఏమీ చెప్పదు, చెప్పే రోజుకి ఆ 6 రోజులు అయిపోయుంటాయి.

స్రావం ముందుగానే చెప్తుంది కాబట్టి అది నయం. ఆస్ట్రేలియాకి చెందిన జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ దంపతులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనిమీదే నడుస్తుంది. అండం విడుదల దగ్గరపడేకొద్దీ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగి స్రావం పల్చగా, జారుడుగా, గుడ్డులో తెల్లసొనలా సాగుతుంది. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజన్ తక్కువ కాబట్టి మామూలుగా పొడిగా ఉంటుంది, లేదా రోజూ మార్పు లేకుండా ఒకేలాంటి స్రావం ఉంటుంది. రెండు వారాల పాటు అలా మార్పు లేకుండా ఉంటే అది ఆమె ఒంటికి గర్భం రాని తీరు, ఎప్పుడు మారితే అప్పుడు జాగ్రత్త, అదీ సూత్రం.

చిక్కు ఎక్కడంటే, ఒళ్లు అండం విడుదల చేయబోయి ఆగిపోతుంది, కొన్నాళ్లకి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. ప్రయత్నించిన ప్రతిసారీ ఈస్ట్రోజన్ పెరిగి స్రావం కనిపిస్తుంది. ఒక నెల లెక్క వేసి చూద్దాం: 10 రోజులు పొడి, 3 రోజులు తడి, 7 రోజులు పొడి, 5 రోజులు జారుడు స్రావం, 5 రోజులు పొడి, మొత్తం 30. తడి కనిపించిన ప్రతి విడతకీ ఆ రోజులు, ఆగాక ఇంకో 3 రోజులు కలవకుండా ఉండాలన్నది నియమం. అంటే 3కి 3, 5కి 3, మొత్తం 14 రోజులు. ఆ నెలలో అసలు అండం విడుదలే కాకపోయి ఉండొచ్చు, అయినా దాదాపు సగం నెల పోయింది. ఇలా రెండు మూడు నెలలు గడిచాక "ఇది కూడా ఉత్తదేలే" అని ఒక విడతని వదిలేయాలనిపించడం మానవ సహజం, ఒక్కోసారి నిజంగా అండం వచ్చేది ఆ విడతలోనే. కాన్పు అయిన మొదటి ఆరు వారాల్లోనైతే రక్తస్రావం వల్ల ఈ ఆనవాళ్లు తెలిసే అవకాశమే తక్కువ, తర్వాత కూడా ఇన్‌ఫెక్షన్, జెల్, వీర్యం ఏదున్నా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

కేలెండర్ లెక్క ఎందుకు తప్పుతుంది

కేలెండర్ పద్ధతుల్లో ఇప్పుడు బాగా తెలిసింది జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పరిశోధకులు రూపొందించిన స్టాండర్డ్ డేస్ పద్ధతి. పీరియడ్స్ 26 నుంచి 32 రోజులకోసారి వచ్చే వాళ్లు 8వ రోజు నుంచి 19వ రోజు దాకా దూరంగా ఉంటే చాలు, రంగుపూసల దండతో కూడా లెక్కపెట్టుకోవచ్చు. చాలా తేలికైనది. కాన్పు తర్వాత మాత్రం కనీసం మూడు పీరియడ్స్ వచ్చి, క్రమం మళ్లీ కుదిరాకే దీన్ని మొదలుపెట్టాలంటారు. అంతదాకా ఎందుకు ఆగాలో లెక్కలో చూడొచ్చు.

ఒక తల్లికి మళ్లీ మొదలైన పీరియడ్స్ వరసగా 41, 35, 24 రోజులకి వచ్చాయి అనుకుందాం. పాలిచ్చే రోజుల్లో అండం విడుదలకీ పీరియడ్‌కీ మధ్య కాలం తక్కువగా ఉండటం మామూలే, ఇక్కడ 9, 11, 12 రోజులు తీసుకుందాం. అప్పుడు అండం విడుదలైన రోజులు 32, 24, 12. వాటికి ముందు 5 రోజులు కలిపితే గర్భం వచ్చే రోజులు మొదటి నెలలో 27 నుంచి 32, రెండో నెలలో 19 నుంచి 24, మూడో నెలలో 7 నుంచి 12. ఇప్పుడు 8 నుంచి 19 అనే హద్దుతో పోల్చండి. మొదటి నెలలో ఆరుకి ఆరు రోజులూ పర్వాలేదు అనుకున్న రోజుల్లోనే పడ్డాయి, రెండో నెలలో ఐదు, మూడో నెలలో ఒకటి. మూడు నెలలూ నియమం తప్పకుండా పాటించిన మనిషికి కూడా రక్షణ లేదు. ఇక తొలి పీరియడ్‌కి ముందు వచ్చే అండానికైతే లెక్క మొదలుపెట్టడానికి ఒకటో రోజే లేదు.

స్ట్రిప్‌లు, యాప్‌లు వచ్చాక ఏం మారింది

అమెరికాలోని మార్క్వెట్ యూనివర్సిటీలో రిచర్డ్ ఫెరింగ్ బృందం యూరిన్‌లో ఈస్ట్రోజన్‌నీ ఎల్‌హెచ్‌నీ చూపించే చిన్న మానిటర్‌తో పాలిచ్చే తల్లుల కోసం ప్రత్యేకంగా ఒక పద్ధతి తయారుచేసింది. స్రావం చూసి తర్జనభర్జన పడే బదులు రోజూ ఒక రీడింగ్ ఉంటుంది కాబట్టి చాలామందికి ఇది ఊరటనిచ్చింది. 2013లో వచ్చిన అధ్యయనంలో 198 మంది తల్లుల్లో ఏడాదికి, నియమాలు సరిగ్గా పాటిస్తే వందకి 2, మామూలు వాడకంలో 8 గర్భాలు అని తేలింది. నేర్పించే వాళ్ల దగ్గర నేర్చుకుని, గట్టి పట్టుదల ఉన్న వాళ్ల లెక్క ఇది అన్న సంగతి గుర్తుంచుకోవాలి. స్ట్రిప్‌ల ఖర్చు వేరే.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సహజ పద్ధతి 99 శాతం పైన పనిచేస్తుందని చూపించడానికి జర్మనీలో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని చెప్తుంటారు. అందులో టెంపరేచరూ స్రావమూ రెండూ కలిపి చూసే వాళ్లలో, గర్భం వచ్చే రోజుల్లో పూర్తిగా దూరంగా ఉంటే ఏడాదికి వందకి 0.4 గర్భాలే. అది నిజమైన అంకె, గొప్ప ఫలితం కూడా. కానీ అందులో ఉన్నది మామూలు పీరియడ్స్ ఉన్న ఆడవాళ్లు, బాలింతలు కాదు. ఆ అంకెని తెచ్చి నాలుగో నెల బిడ్డ తల్లికి చెప్పడం అంటే ఒకరి కొలతలతో ఇంకొకరికి జాకెట్ కుట్టడమే. 2018లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి పొందిన నేచురల్ సైకిల్స్ లాంటి యాప్‌లకీ ఇదే వర్తిస్తుంది, యాప్ లోపల ఎంత తెలివైన లెక్క ఉన్నా దానికి కావాల్సిన టెంపరేచర్ సరిగ్గా అందాలి కదా.

రెండు వైపులా ఉన్న వాదనలు

సహజ పద్ధతిని ఎంచుకునే వాళ్ల కారణాలు ఒక్కటి కాదు. కొందరికి మత విశ్వాసం, 1968లో పోప్ ఆరో పాల్ ఇచ్చిన లేఖలో కేథలిక్ చర్చి కృత్రిమ పద్ధతులకి ఒప్పుకోలేదు, గర్భం రాని రోజులు చూసుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. కొందరికి మాత్రలు పడవు. కొందరికి తొమ్మిది నెలలు మోసి, కని, ఇప్పుడు పాలిస్తున్న ఒంట్లోకి ఇంకోటి వేయాలనిపించదు, ఆ మాట అన్న తల్లిని తప్పుపట్టడం నావల్ల కాదు. ఇంకో మాట కూడా అంటారు, ఈ పద్ధతిలో బాధ్యత ఇద్దరిదీ, భర్త కూడా రోజులు తెలుసుకుని ఆగాలి.

వద్దనే డాక్టర్ల వాదన కూడా ఒంటి మీద శ్రద్ధతోనే. నిద్రలేని, నీరసపడిన మనిషి మీద రోజూ గమనించి రాసుకునే పని పెట్టడం ఎంతవరకు నిలుస్తుంది అని వాళ్ల ప్రశ్న. భర్త ఆగుతాడన్న నమ్మకం లేని ఇంట్లో ఈ పద్ధతి కాగితం మీదే ఉంటుంది, దెబ్బ తగిలేది మాత్రం ఆమెకే. కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం 24 నెలలు ఎడం ఉంటే తల్లికీ బిడ్డకీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సిజేరియన్ అయిన వాళ్లకీ, రక్తహీనత ఉన్న వాళ్లకీ వెంటనే గర్భం వస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటి వాళ్లకి వందకి 8 అనేది చిన్న అంకె కాదు.

ఈ వాదనలో ఇద్దరూ తరచూ మర్చిపోయేది ఒకటుంది. హార్మోన్లు వద్దు అనడం, సహజ పద్ధతే కావాలి అనడం రెండూ ఒకటి కాదు. కండోమ్‌లో హార్మోన్ లేదు, కాపర్ టీలో లేదు. హార్మోన్ ఉన్న వాటిలో కూడా ఈస్ట్రోజన్ కలిసిన మాత్రల్నే పాలిచ్చే మొదటి వారాల్లో వద్దంటారు, ప్రొజెస్టిన్ అనే ఇంకో రకం హార్మోన్ మాత్రమే ఉన్న మాత్రలు పాలిచ్చే తల్లులు వాడుతూనే ఉన్నారు. లామ్ షరతు తప్పిన రోజు నుంచి క్రమం కుదిరే దాకా కండోమ్ వాడి, తర్వాత సహజ పద్ధతికి వచ్చే జంటలు కూడా ఉన్నారు, మత నియమం అడ్డురాని వాళ్లకి అది మధ్యేమార్గం.

పీరియడ్ లేకుండానే గర్భం వస్తే ఎలా తెలుస్తుంది

నీరసం, నిద్రలేమి, రొమ్ముల్లో నొప్పి, ఇవన్నీ పచ్చి బాలింతకి ఎలాగూ ఉండేవే. అందుకే పీరియడ్ మొదలవ్వకుండా వచ్చిన గర్భం చాలా ఆలస్యంగా బయటపడుతుంది, కొందరికి కడుపులో కదలిక తెలిసే దాకా. ఉన్నట్టుండి పాలు తగ్గడం, బిడ్డ రొమ్ము పట్టనని మారాం చేయడం కొందరిలో ముందు కనిపించే గుర్తులు. జాగ్రత్త లేకుండా కలిసిన రోజు నుంచి 3 వారాలు దాటాక చేసే యూరిన్ టెస్ట్ ఫలితాన్ని నమ్మొచ్చు, పాలివ్వడం వల్ల ఆ టెస్ట్ తప్పు చూపించదు.

ఆస్పత్రిలో మొదట అడిగేది చివరి పీరియడ్ ఎప్పుడని. ఈ తల్లి చెప్పగలిగే తేదీ పెద్ద బిడ్డ కడుపున పడకముందుది, ఏడాది దాటిపోయినది, దానితో నెలలు లెక్కకట్టడం కుదరదు. అందుకని మొదటి మూడు నెలల్లోపే స్కాన్ చేసి, పిండం తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలిచి, ఎన్ని వారాలో, కాన్పు ఎప్పుడో ఆ కొలతని బట్టి చెప్తారు.